జింకలకు బందెలదొడ్డి లేదు

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా వెళ్తుంటే చెట్లు పలచబడి ఆకాశం పెద్దదవుతుంది. అలా వెళ్తే వచ్చేదే రోళ్లపాడు, ఇప్పటి నంద్యాల జిల్లాలో. అభయారణ్యం అనగానే దట్టమైన అడవిని ఊహించుకుని వచ్చేవాళ్లు ఉసూరుమంటారు. ఇక్కడున్నది గడ్డి! గడ్డీ, గాలీ, ఎక్కడో చివరన కృష్ణజింకల మందా... బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో ఈ ఆరు చదరపు కిలోమీటర్ల నేలను అభయారణ్యం చేశారు.

మేం వెళ్లేసరికే అక్కడ హడావుడి. రాత్రి పలుపు తెంపుకున్న ఆవు ఒకటి, కందకం పూడిపోయిన చోటు చూసుకుని లోపలికి దూరింది. దాని వెనకే ఇంకో రెండు. వాచర్ వాటిని అదిలించలేదు. బెదిరిస్తే గడ్డంతా తొక్కుతూ ఇంకా లోపలికి పోతాయట. దూరంగా చుట్టు తిరిగి అవతలివైపు నిలబడి, యజమానికి కబురుపెట్టాడు. పెద్దాయన తవుడు బకెట్టుతో వచ్చి ‘గౌరమ్మా...’ అని పిలిచాడు. అది తలెత్తి చూసి, అత్తారింటి నుంచి వచ్చినంత నింపాదిగా నడిచొచ్చింది. మిగతా రెండూ దాని వెంటే.

మూడు ఆవులు మేస్తే తరిగిపోయే గడ్డా ఇది అనిపించింది. కానీ బట్టమేక గూడు కట్టదు. నేలమీదే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఒక్కటే. దానిమీద గిట్ట పడితే ఆ ఏటికి అంతే! పైగా గాలికుంటు లాంటి రోగాలు పశువుల నుంచి జింకలకు అంటుకోవచ్చు. అభయారణ్యానికి అయిదు కిలోమీటర్లలోపు ఉన్న పశువులకు టీకాలు వేయించాలని వన్యప్రాణి చట్టం చెప్పేది అందుకే.

మాట వినని పశువుకు 1871 నాటి చట్టం ఉండనే ఉంది. బందెలదొడ్డికి తోలితే జరిమానా, మేత ఖర్చూ కట్టి విడిపించుకోవాలి. వారంలో ఎవరూ రాకపోతే నోటీసు, అప్పటికీ రాకపోతే వేలం. పాడి మీదే బతికే ఇంటికి అది చిన్న దెబ్బేం కాదు.

అలాగని పశువుల్ని పూర్తిగా ఆపేస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. మేసే నోరు లేక గడ్డి ఏపుగా పెరుగుతుంది. దూరం నుంచి వచ్చే ముప్పును కనిపెట్టి ఉండాల్సిన బట్టమేకకు మరీ ఎత్తు గడ్డి గిట్టదు. కాస్త మేసిన నేలే అనువు. కాపలా కలిసొచ్చింది కృష్ణజింకలకే. మందలు పెరిగి చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. కాలువ నీళ్లొచ్చి పంటలూ మారాయి. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టారో ఆ పిట్ట మాత్రం ఇప్పుడు కనిపించడమే గగనం.

పెద్దాయన పలుపు ముడేస్తూ, ‘మా గొడ్డు లోపలికి పోతే బందెలదొడ్డి అంటారు సారూ. ఆ జింకలు నా జొన్నచేన్లో పడితే యాడికి తోలల్ల?’ అన్నాడు.

వాచర్ నవ్వి ఊరుకున్నాడు. పార భుజాన వేసుకుని, కందకం పూడిన చోటికి నడిచాడు.