‘ఫర్‌గో’కి పాస్ట్ టెన్స్ ఏంటి?

నా ఇంగ్లిష్‌కి ఒకసారి మా తాతయ్య ఫైన్ కట్టారు. దాదాపు వంద రూపాయలు.

2018లో మాట. నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. తాతయ్యకి హైదరాబాద్‌లో కంటి శుక్లం ఆపరేషన్. సామర్లకోట నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తాతయ్యకీ, తోడు వెళ్లే మావయ్యకీ స్లీపర్ టికెట్లు తీసే పని నా మీద పడింది. ఇంట్లో కంప్యూటర్ చదువు చదువుతున్నది నేనొక్కడినే మరి!

సైట్‌లో తాతయ్య వయసు 67 అని కొట్టగానే అప్పటిదాకా లేని ఆప్షన్లు కొన్ని ప్రత్యక్షమయ్యాయి. ఒకటి ‘అవెయిల్ కన్సెషన్’. ఇంకోటి ‘ఫర్‌గో ఫుల్ కన్సెషన్’. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ‘ఫర్‌గో’ అనే మాట అంతకుముందు ఎక్కడా చూడలేదు. చూస్తే అందులో ‘ఫర్’ ఉంది, ‘గో’ ఉంది, పక్కనే ‘ఫుల్’ కూడా ఉంది. ఫుల్ కన్సెషన్ ఇస్తానంటే ఎవడైనా వద్దంటాడా? నొక్కేశాను.

రైలెక్కిన గంటకి తాతయ్య ఫోన్.

“ఏరా, నాకు పూర్తి చార్జీ పడిందేంటి? ఎదురు సీటాయనది నా ఈడే. ఆయనకి చాలా తగ్గిందంట.”

అప్పుడు డిక్షనరీ తీశాను. ఫర్‌గో అంటే మనకి రావాల్సిన దాన్ని, కావాలని వదులుకోవడం. ఆ రోజుల్లో 60 దాటిన మగవాళ్లకి రైలు చార్జీలో 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకి 50 శాతం రాయితీ ఉండేది. స్తోమత ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా వదులుకోవచ్చని రైల్వే పెట్టిన ఆప్షన్ అది. (2020 మార్చిలో ఆ రాయితీనే ఆపేశారు, అది వేరే కథ.) అంటే వీధి చివర చిన్న కొట్లో మిషను కుట్టుకునే మా తాతయ్య చేత దేశం కోసం త్యాగం చేయించానన్నమాట. ఆయన్ని అడగకుండానే!

విషయం చెబితే తాతయ్య నవ్వేశారు. “పోనీలేరా. గవర్నమెంటుకే కదా ఇచ్చాం.”

ఆ క్రియ మళ్లీ నా జీవితంలోకి మొన్న అప్రైజల్ టైమ్‌లో వచ్చింది. ఇప్పుడు నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఏడాదికోసారి మన గొప్పలు మనమే రాసుకునే ఫామ్ ఉంటుంది కదా, అది నింపుతున్నా. పోయిన సంక్రాంతికి రిలీజ్ పడి ఇంటికెళ్లలేదు. రావాల్సిన రెండు కాంప్-ఆఫ్‌లు కూడా తీసుకోలేదు. ఇది హైలైట్ చేయాలి. ‘గివప్’ అంటే మరీ మామూలుగా ఉందని ‘ఐ ఫర్‌గోడ్ మై కాంప్-ఆఫ్స్’ అని కొట్టాను.

కింద ఎర్ర గీత. సజెషన్ ఏమిచ్చిందో తెలుసా? ‘ఫర్‌గాట్’. నొక్కితే ‘నేను నా కాంప్-ఆఫ్‌లు మర్చిపోయాను’ అయ్యేది. అప్రైజల్‌లో రాయదగ్గ గొప్ప విషయమే!

పక్క డెస్క్‌లో ముగ్గుర్ని అడిగాను. ఒకరు ‘ఫర్‌గోడ్’ అన్నారు, ఒకరు ‘ఫర్‌గాన్’ అన్నారు, ఇంకొకరు “ఎందుకు బ్రో, గేవప్ అని పెట్టేయ్” అన్నారు. అసలు సమాధానం ముగ్గురిలో ఎవరిదీ కాదు. ఫర్‌వెంట్! ‘గో’కి ‘వెంట్’ అయినట్టే ‘ఫర్‌గో’కి ‘ఫర్‌వెంట్’. పాస్ట్ పార్టిసిపుల్ మాత్రం ‘ఫర్‌గాన్’. తప్పేం లేదు, డిక్షనరీలన్నిట్లో ఉంది. కానీ ఎవరైనా ఆ మాట అనగా మీరెప్పుడైనా విన్నారా? నేనైతే వినలేదు. ‘ఐ ఫర్‌వెంట్’ అంటే ఎక్కడికో వెళ్లొచ్చానేమో అనిపిస్తుంది.

బగ్ దొరికితే రూట్ కాజ్ దాకా వెళ్లడం మన వృత్తి జబ్బు కదా. తవ్వితే చాలా బయటపడింది.

‘వెంట్’ అసలు ‘గో’ సొంత పాస్ట్ టెన్సే కాదట. పాత ఇంగ్లిష్‌లో ‘గో’కి పాస్ట్ టెన్స్ వేరే ఉండేది. ‘వెంట్’ ఇంకో క్రియది. ‘వెండ్’ అనే క్రియకి పాస్ట్ టెన్స్ అది. సుమారు 15వ శతాబ్దం నాటికి ‘గో’ దాన్ని లాగేసుకుంది. పాపం ‘వెండ్’కి ‘వెండెడ్’ అని కొత్తది కుట్టించుకోవాల్సి వచ్చింది. మన తెలుగూ ఏం తక్కువ తినలేదు. ‘వచ్చాడు, వస్తాడు’ అంటాం, పిలవాల్సి వస్తే ‘రా’ అంటాం. ‘వచ్చు’కీ ‘రా’కీ పోలికెక్కడుంది? చిన్నప్పటి నుంచి నోట్లో నానింది కాబట్టి మనకి తేడా తెలీదు, అంతే.

ఇక ముందున్న ‘ఫర్’. ఇది ‘కోసం’ అనే ‘ఫర్’ కాదు. దూరంగా, వద్దు అనే అర్థాలిచ్చే పాత ప్రిఫిక్స్. ఫర్‌గెట్, ఫర్‌గివ్, ఫర్‌బిడ్, ఫర్‌సేక్... అన్నిట్లో ఉన్నది అదే. మధ్యలో ‘ఈ’ చేరిస్తే ‘ఫోర్‌గో’, అంటే ముందు వెళ్లడం. ‘ఫోర్‌గాన్ కన్‌క్లూజన్’ అంటామే, అది దీని సంతానం. రెండింటినీ కలిపేసేది మనం మాత్రమే కాదు. మన కేంద్ర బడ్జెట్‌తో పాటు, పన్ను మినహాయింపుల వల్ల ప్రభుత్వం వదులుకున్న రాబడి లెక్కని ‘రెవెన్యూ ఫోర్‌గాన్’ పేరుతో కొన్నేళ్లు ఇచ్చేవారు. అక్కడా మధ్యలో ‘ఈ’ ఉంది. ఆ స్పెల్లింగ్‌ని కూడా డిక్షనరీలు ఒప్పుకుంటాయి కాబట్టి తప్పని అనలేం.

ఈ జ్ఞానమంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టదు. ఆదివారం ఇంటికి ఫోన్ చేశాను. అమ్మమ్మ ఎత్తింది. పాత టికెట్ సంగతి, కొత్త అప్రైజల్ సంగతి రెండూ చెప్పి నవ్వించబోయాను. అమ్మమ్మ నవ్వలేదు.

“ఆ రైలు టికెట్టుదేముందిరా, వంద రూపాయలు. అసలు ఆ ఆపరేషను రెండేళ్ల ముందే అవ్వాల్సింది. డాక్టరు రాసిచ్చాడు కూడాను. నీకు కంప్యూటర్ కావాలన్నావని ఆ డబ్బులు మీ అమ్మకిచ్చేశారు.”

నాకు నోట మాట రాలేదు.

2016లో కొన్న ల్యాప్‌టాప్ అది. నాన్న ఎక్కడో అప్పు తెచ్చారనుకున్నాను. ఆ రెండేళ్లూ సెలవులకి వెళ్తే తాతయ్య కొట్లో కూర్చోబెట్టుకుని “సూదిలో దారం ఎక్కించు నాన్నా” అనేవారు. ముద్దుకి పని చెబుతున్నారని ఎక్కించేవాణ్ని. నేను లేనప్పుడు పక్కింటి పిల్లల్ని పిలిచేవారట. మిషను సూదిలో దారం కనపడని టైలర్ రెండేళ్లు జాకెట్లు, చొక్కాలు ఎలా కుట్టారో నేను ఒక్కసారీ ఆలోచించలేదు. పైగా ఆ ల్యాప్‌టాప్ మీదే కూర్చుని, ఆ కళ్ల ఆపరేషన్‌కే టికెట్ తీస్తూ, ‘ఫర్‌గో’ అని నొక్కాను.

నా రెండు కాంప్-ఆఫ్‌ల గురించి ఫామ్‌లో ఏడు లైన్లు రాశాను. ఆయన తన రెండేళ్ల గురించి ఏడేళ్లు దాటినా ఒక్క లైన్ చెప్పలేదు. ‘ఫర్‌వెంట్’ ఎందుకు ఎవరి నోటా వినపడదో నాకు అప్పుడు వేరే కారణం తోచింది. భాషాశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. నిజంగా వదులుకున్నవాళ్లు దాని గురించి తర్వాత మాట్లాడరు, అంతే.

మన తెలుగులో ‘వదిలేశాడు’ వేరు, ‘వదులుకున్నాడు’ వేరు. ‘ఉద్యోగం వదిలేశాడు’ అంటే విసుగొచ్చి మానేసి ఉండొచ్చు. ‘ఉద్యోగం వదులుకున్నాడు’ అంటే అది అతనికి కావాలి, అయినా చేజార్చుకున్నాడు. ఆ చిన్న ‘కొను’లో నొప్పంతా ఉంది. ఇంగ్లిష్ వాళ్లకి దీనికోసం విడిగా ఒక క్రియ కావాల్సి వచ్చింది. మనకి తోక సరిపోయింది.

ఇంకో మాట కూడా ఉంది మనకి. ‘పోనీ’. అందులో ఉన్నది ‘పో’. ‘ఫర్‌గో’లో ‘గో’ ఉన్నట్టే. ఆ రోజు రైల్లోంచి తాతయ్య అన్నది ‘పోనీలేరా’ అనే. నేను డిక్షనరీలో వెతుక్కున్న అర్థాన్ని ఆయన అప్పుడే, అక్కడే చెప్పేశారు. నాకే అర్థం కాలేదు.

అప్రైజల్ ఫామ్‌లోంచి ఆ లైన్లు తీసేశానని రాస్తే బాగుంటుంది. తీయలేదు. హైక్ కావాలి కదా. ఏడు లైన్లని ఒక్క లైన్ చేశాను, అదీ ‘గేవప్’తోనే. ‘ఫర్‌వెంట్’ని మాత్రం ఆ ఫామ్‌లో వాడబుద్ధి కాలేదు.

తర్వాత తాతయ్యకి ఫోన్ చేసి అడిగాను. “నా ల్యాప్‌టాప్ కోసం ఆపరేషన్ వదులుకున్నారంట కదా. ఎందుకు చెప్పలేదు?”

“వదులుకోవడమేంట్రా, పెద్ద పెద్ద మాటలు! రెండేళ్లు ఆగాను, అంతే. చేయించుకున్నాను కదా. ఇప్పుడు దారం నేనే ఎక్కించుకుంటున్నా.” కాసేపు ఆగి, “అది పోనీ గానీ, పోయిన పండక్కి నీకు కుట్టిన చొక్కా ఇక్కడే ఉంది. ఈసారైనా వస్తావా?” అన్నారు.

ఫోన్ పెట్టేసి లీవ్ అప్లై చేశాను. సంక్రాంతికి నాలుగు రోజులు. రిలీజ్ ఉందంటున్నారు. ఈ లీవ్ మాత్రం ఫర్‌గో చేసేది లేదు.