మామయ్య రేడియో, మావాడి గిటారు

మా హాల్లో అద్దాల అలమర పై అరలో మామయ్య రేడియో ఉంటుంది. ఆయన పోయి పదకొండేళ్లయింది. అంతకు ముందే అది మోగడం మానేసింది. అయినా అత్తమ్మ ప్రతి శుక్రవారం దాన్ని దించి, తుడిచి, మళ్లీ పైన పెడుతుంది. ఇంకెవరం ముట్టుకోం. అలాంటి రేడియోని విప్పుతానని మా చిన్నోడు అడిగిన రోజు ఇంట్లో ఎంత గొడవయ్యిందో మీరే ఊహించుకోండి.

వాడికి గిటారు పిచ్చి. "ఫజ్ పెడల్" అని ఒకటి సొంతంగా చేసుకుంటానన్నాడు. గిటారుకీ స్పీకరుకీ మధ్య పెట్టి కాలితో నొక్కే చిన్న డబ్బా అది. నొక్కితే గిటారు గొంతు బొంగురుపోయి గరగరలాడుతుంది. ఉన్న మంచి గొంతును పాడు చేసుకోవడమేంట్రా అంటే కథంతా చెప్పాడు. అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక పాట రికార్డు చేస్తుంటే మిషన్ చెడిపోయి గిటారు బరబరమని వచ్చిందట. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచేశారట, జనానికి నచ్చేసింది. ఆ తర్వాత ఆ చప్పుడు కోసమే డబ్బాలు తయారు చేశారు. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వాళ్లు చేసిన "ఫజ్ ఫేస్" వాటిలో ఒకటి. జిమీ హెండ్రిక్స్ వాయించింది దాని మీదే. అప్పటి డబ్బాలు ఇప్పుడు దొరకడమే అరుదు, దొరికినా మనం కొనే ధర కాదు.

లోపల చూస్తే రెండు ట్రాన్సిస్టర్లు, మూడు కెపాసిటర్లు, నాలుగు రెసిస్టర్లు, తిప్పే గుండీలు రెండు. నా పోపుల డబ్బాలో ఇంతకన్నా ఎక్కువ సామానుంటుంది! చిక్కల్లా ఆ రెండు ట్రాన్సిస్టర్లతోనే. అవి జెర్మేనియంవి కావాలి. ఇప్పుడు వచ్చేవన్నీ సిలికాన్‌వి. వాడు రెండుసార్లు తెప్పించుకున్నాడు, రెండుసార్లూ పనికిరానివే వచ్చాయి. పాకెట్ మనీ మొత్తం పోయింది. అప్పుడు వాడి కన్ను రేడియో మీద పడింది. పాత రేడియోల్లో ఏసీ 128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్లుంటాయట. మన బెంగళూరు బీఈఎల్‌లో కూడా చేసేవాళ్లట.

మా ఆయన ఒక్కటే మాట అన్నారు, "మా నాయిన రేడియో ముట్టుకుంటే ఊకోను." అసలే వాడు చదువు పక్కన పెట్టి గిటారు పట్టుకు తిరుగుతున్నాడని ఆయనకు కోపం. ఇద్దరూ సరిగా మాట్లాడుకోక నెలలైంది. నేను మధ్యలో నలిగిపోయి, "వద్దులేరా" అనేశాను.

అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అంతా విన్నది. కొంచెంసేపయ్యాక, "మూగగ పడి ఉండుడు కన్న ఏదో ఒకటి మాట్లాడనీ. ఇప్పు బిడ్డా," అన్నది. తానే అలమర తాళం తీసింది. రేడియో వెనక పోస్టాఫీసులో కట్టిన లైసెన్సు పుస్తకం కూడా అలాగే ఉంది. ఆ రోజుల్లో రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలి కదా.

ట్రాన్సిస్టర్లు చిన్న లోహపు డబ్బీల్లా ఉన్నాయి, ఒక్కోదానికి మూడు కాళ్లు. సోల్డరింగ్ వేడి తగిలితే పాడైపోతాయని, నా కనుబొమ్మల ప్లక్కర్ తీసుకుని ఒక్కో కాలు పట్టుకోమన్నాడు. వేడిని అది లాగేసుకుంటుందట. ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. పైడబ్బాకి మామయ్య అల్యూమినియం టిఫిన్ గిన్నెనే ఇచ్చింది అత్తమ్మ.

తీరా నొక్కితే చప్పుడు లేదు. వాడి ముఖం వాడిపోయింది. అత్తమ్మ అడిగింది, "సెల్లు ఉల్ట పెట్టినవేమో చూడు. మీ తాత గట్లనే పెట్టేటోడు."

నిజమే! మామూలుగా చేసేవాటిలాగే బ్యాటరీ మైనస్‌ను గ్రౌండుకు కలిపాడట. ఈ ట్రాన్సిస్టర్లకు ప్లస్ కలపాలట. తీగలు మార్చి గిటారు తీగ మీటాడు. గర్ర్‌మని ఇల్లంతా నిండిపోయింది. స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ముల్లు తిప్పుతుంటే వచ్చే చప్పుడు, అచ్చం అదే. అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

అది సంక్రాంతి ముచ్చట. మేలో మా కరీంనగర్ ఎండల సంగతి మీకు తెలిసిందే. ఒక మధ్యాహ్నం డబ్బా గొంతు పీలగా, తెగి తెగి వచ్చింది. జెర్మేనియం వేడికి ఆగదట. డప్పేమో మంట దగ్గర కాచితేనే మోగుతుంది, దీనికేమో చల్లగా ఉండాలి! తీసి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను.

ఆ రాత్రి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచిన మా ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నాన్న టిఫిన్ గిన్నెను చేతిలోకి తీసుకుని మూత మీది సొట్టని వేలితో తడిమారు. తర్వాత వాడి గది తలుపు కొట్టి, "చల్లగైంది. ఇప్పుడు మోగుతదా?" అని అడిగారు.

వంటింట్లో లైటు ఆర్పేసి, నేను చప్పుడు చేయకుండా వచ్చి పడుకున్నాను.