ఫిడేలు నోటు పుట్టుక

నేను ఫిడేలుపై వాయించు పాటలలో 'వందే మీనాక్షి' మిక్కిలి చిన్నది. ఇట్టివానిని మనవారు 'నోట్లు' అందురు. సాహిత్యము సంస్కృతము, స్తుతి మీనాక్షీదేవిది, మెట్టు మాత్రము ఐర్లండుది! ఆ దేశమున మాలో యను నూరి విలాసపురుషుల పేర వెలసి, 18వ శతాబ్దమునుండియు అచ్చటి ఫిడేళ్లపై మ్రోగుచున్న నాట్యపు మెట్టది. చెన్నపట్టణపు కోటలో దొరల బ్యాండు విని, 1835లో దివంగతులైన ముత్తుస్వామి దీక్షితులవారు ఇట్టి మెట్లకు సాహిత్యములు కూర్చిరందురు. వారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు ఒక ఐరోపావానికడ ఫిడేలునే యభ్యసించిరి.

మా తాతగారికి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దైవసమానులు. 1919లో మన విజయనగర సంగీత కళాశాలయం దాచార్యులై, 1936లో దాని కధ్యక్షులైన ఆ మహనీయుని ఫిడేలు విన్నచో తాతగారు కన్నులు మూసికొందురు. ఈ నోటు విన్నచో మాత్రము, "దొరల గంతులపాట మనకేలరా?" అందురు.

"ఫిడేలును దొరలదే కదా, తాతగారూ!" అంటిని.

"వాద్యము వేఱు, పాట వేఱు" అనిరి.

నాకా భేదము రుచింపలేదు. గమకములు లేని శంకరాభరణమగుటచే నోటు గంతులు వేయుట నిజమే. అందుచేతనే మా చెల్లెలు దానిని రెండవ దినముననే పట్టుకొన్నది. ఐర్లండువాడు ఫిడేలును భుజముపై నానించి, ఆడువారి యడుగులకు సరిగా వాయించును. నేను చాపపై గూర్చుండి, ఫిడేలు తలను కుడి పాదముపై నుంచి వాయింతును.