గాడిపొయ్యి పెరట్లోనే

అసెంబుల్డ్ కంప్యూటర్ల రోజుల్లో డబ్బా బిగించి ఇచ్చే షాపు కుర్రాడు పోతూ పోతూ ఒక మాట చెప్పేవాడు: "సీలో ముఖ్యమైనవేవీ పెట్టకండి సార్, ఫార్మాట్ కొడితే పోతాయి." సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, బెజవాడలో కొన్నా అదే మాట. ఉన్నది ఒక్క హార్డ్ డిస్కే. దాన్నే సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసేవాడు. విండోస్ సీలో, పెళ్ళి ఫొటోలు డీలో, సినిమాలు ఈలో. వైరస్ పట్టినప్పుడల్లా వచ్చి సీని తుడిచేసి మళ్ళీ విండోస్ ఎక్కించేవాడు. డీలో పెళ్ళికూతురు మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది. పోయినా మళ్ళీ తెచ్చుకోగలిగేది ఏది, పోతే ఇక రానిది ఏది అన్న గీత ఆ కుర్రాడు ఏ పుస్తకమూ చదవకుండానే గీసేశాడు.

ప్రోగ్రాములు రాసేవాళ్ళ లాప్‌టాప్‌లో ఆ గీత చెరిగిపోయి ఉంటుంది. మనిషి కూర్చుని రాసిన సోర్సు కోడు మహా అయితే కొన్ని ఎంబీలు. దాన్ని కంపైల్ చేస్తే పుట్టే ఆబ్జెక్టు ఫైళ్ళు, డీబగ్ సమాచారం, ఇండెక్సులు గిగాబైట్ల లెక్కన ఉంటాయి. రస్ట్ వాళ్ళు ఆ ఫోల్డర్‌ని 'టార్గెట్' అంటారు, ఎక్స్‌కోడ్ 'డిరైవ్డ్ డేటా' అంటుంది. పేర్లు వేరైనా ఆకలి ఒకటే. క్రోమియం బ్రౌజర్‌ని సొంతంగా బిల్డ్ చేసుకుందామని ఎవరైనా సరదా పడితే, కనీసం 100 జీబీ ఖాళీ ఉంచుకోమని ఆ ప్రాజెక్టువాళ్ళే ముందుగా చెబుతారు. 256 జీబీ లాప్‌టాప్‌లో అది ఎంత భాగమో వేరే చెప్పాలా? పైగా ఆ నూరు జీబీల పక్కనే మన కోడూ, పాన్ కార్డు స్కానూ, పిల్లల ఫొటోలూ ఒకే కప్పు కింద కాపురం ఉంటాయి.

అందుకే బిల్డులకు విడిగా ఒక వాల్యూమ్, అంటే సీ, డీల్లాంటి ఒక ముక్క, ఇచ్చేయాలంటాను. పెళ్ళి వంట ఇంటి వంటింట్లో వండరు కదా. పెరట్లో గాడిపొయ్యి తవ్వి గుండిగలెక్కిస్తారు. మసీ, బూడిదా, వార్చిన గంజీ అన్నీ అక్కడే. మర్నాడు గాడి పూడ్చేస్తే పెరడు మళ్ళీ పెరడే.

"స్పీడు పెరుగుతుందా?" అని అడుగుతారు వెంటనే. ఇంకో మంచి ఎస్సెస్డీ తగిలిస్తే కొంత పెరగొచ్చు. ఉన్న ఎస్సెస్డీలోనే ఇంకో పార్టిషన్ చేస్తే పెరగడానికి ఏముంది? యూఎస్‌బీ వైరుకు వేలాడే పాత హార్డ్ డిస్కయితే తగ్గుతుంది కూడా. నాకు ఇందులో నచ్చేది తెగింపు. హోమ్ ఫోల్డర్‌లో ఏదైనా తుడవాలంటే ఎంటర్ నొక్కేముందు ఎవరికైనా చెయ్యి ఆగుతుంది. బిల్డు వాల్యూమ్‌ని ఫార్మాట్ కొట్టడానికి ఆ తటపటాయింపు ఉండదు. అది నిండిపోతే బిల్డు ఒక్కటే ఆగుతుంది తప్ప డేటాబేసూ, లాగులూ దాంతోపాటు కూలబడవు. బ్యాకప్ ఆ చెత్తనంతా రాత్రంతా మోయక్కర్లేదు. లినక్స్‌లో అయితే ఈ వాల్యూమ్‌ని జర్నల్ లేకుండానే ఫార్మాట్ చేసుకోవచ్చు. కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ చెడితే మరమ్మతుతో పన్లేదు, తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టడమే.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఫ్రీబీఎస్‌డీలో సోర్సు 'యూఎస్ఆర్' కింద 'ఎస్ఆర్‌సీ'లో ఉంటే, బిల్డు సరుకంతా పక్కనే 'ఓబీజే'లోకి పోతుంది. సోర్సు ఉన్న డిస్కు మీద రాయడానికి అనుమతి లేకపోయినా బిల్డు ఆగదు. అసలు ఆ 'యూఎస్ఆర్'లోకి సిస్టమ్ సరుకు చేరిందే డిస్కు చాలక. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదటి డిస్కులో పట్టనంత పెరిగితే, యూజర్ల ఫైళ్ళు ఉండే రెండో డిస్కులోకి, అంటే 'యూఎస్ఆర్'లోకి, పొంగిపొర్లింది. ఇన్నేళ్ళకు, 2023లో, మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ 11లో 'డెవ్ డ్రైవ్' అని పేరుపెట్టి అదే పని చేసింది. కనీసం 50 జీబీ ఉండాలి, ఫైల్ సిస్టమ్ రెఫ్స్. అక్కడ విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ప్రతి ఫైలునూ తెరిచే దారిలోనే నిలదీయకుండా, తెరుచుకున్నాక తీరిగ్గా సోదా చేస్తుంది. వేల ఆబ్జెక్టు ఫైళ్ళు తెరిచి మూసే కంపైలర్‌కి అదెంత ఊరటో వాడినవాళ్ళకు తెలుస్తుంది. షాపు కుర్రాడు గీసిన గీతకు కంపెనీ ముద్ర పడ్డట్టే.

మ్యాక్‌లో మాత్రం గోడ కట్టామనుకుని మోసపోయే వీలుంది. 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్‌లో కొత్త వాల్యూమ్ కలపడం క్షణాల పని. కానీ ఒకే కంటైనర్‌లోని వాల్యూమ్‌లన్నీ ఖాళీ జాగాను పంచుకుంటాయి. క్వోటా పెట్టకపోతే బిల్డు పక్కవాడి వాటా కూడా తినేస్తుంది. అప్పుడది తుడవడానికి పనికొచ్చే గోడే గానీ, నిండకుండా ఆపే గోడ కాదు.

లినక్స్ బిల్డు సర్వర్లలో ఇంకో తమాషా ఉంది. బిల్డు వాల్యూమ్‌ని ఒక ఖాళీ ఫోల్డర్ మీద మౌంట్ చేస్తాం. ఏ రీబూట్ తర్వాతో ఆ డిస్కు మౌంట్ కాలేదనుకోండి, ఫోల్డర్ అయితే అక్కడే ఉంది కదా! రాత్రి బిల్డు వస్తుంది, తలుపు తీసే ఉందని లోపలికి పోతుంది, రూట్ డిస్కు మీదే నలభై జీబీ దించేస్తుంది. తెల్లారి ఎవరో చూసి డిస్కును మౌంట్ చేస్తారు. ఆ క్షణం నుంచి కిందున్న నలభై జీబీ ఎవరి కంటా పడదు, దాని మీద కొత్త వాల్యూమ్ కప్పుకుని ఉంటుంది. ఇక 'డీఎఫ్' కొడితే రూట్ నిండిపోయిందంటుంది, 'డీయూ'తో ఫోల్డర్లన్నీ కూడితే సగం కూడా తేలదు. లాగులు కుదిస్తారు, పాత కెర్నల్స్ పీకేస్తారు, తుడిచేసినా ఎవరో తెరిచి పట్టుకున్న ఫైలేదో ఉందని ఒక పూట వెతుకుతారు. చివరికి ఎవరో పాతకాపు వచ్చి రూట్‌ని మరోచోట బైండ్ మౌంట్ చేస్తే, గుట్టు బయటపడుతుంది. దీనికి విరుగుడు కొత్తది కాదు. డిస్కు తగిలించకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి 'చట్టర్'తో తాళం వేసి, రూట్ యూజర్ కూడా రాయలేకుండా చేయాలి. అప్పుడు డిస్కు మౌంట్ కాకపోతే బిల్డు అక్కడే ఆగి గోల పెడుతుంది. బిల్డు గోల పెట్టడమే మనకు కావాల్సింది.

ఫార్మాట్ ఎంచుకునేటప్పుడు చేతికందిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌ని మాత్రం పెట్టకండి. దానికి సింబాలిక్ లింకులు తెలియవు, యూనిక్స్ పర్మిషన్లూ తెలియవు. పాత ఫ్యాట్ అయితే ఫైలు మార్చిన టైమును రెండు సెకన్ల ముక్కల్లో రాసుకుంటుంది. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన 'మేక్' బతుకంతా ఆ టైముల పోలిక మీదే నడుస్తుంది. ఒకే సెకనులో పుట్టిన ఫైళ్ళలో ఏది ముందో ఏది వెనకో ఇక అదేం తేలుస్తుంది? ఈఎక్స్‌టీ4లో అయితే ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్ల లెక్క చూసుకోవాలి. మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఇస్తుంది, అంటే 50 జీబీకి ముప్ఫై లక్షల పైచిలుకు. చిల్లర ఫైళ్ళ బిల్డులైతే సగం డిస్కు ఖాళీగా ఉండగానే అవి అయిపోయి, చోటు లేదన్న ఎర్రర్ వస్తుంది. హార్డ్ లింకులు కూడా వాల్యూమ్ దాటవు. పీఎన్‌పీఎం లాంటి ప్యాకేజీ మేనేజర్లు తమ ప్యాకేజీల గోదాము ఒక డ్రైవ్‌లో, ప్రాజెక్టు ఇంకో డ్రైవ్‌లో ఉంటే లింకు వేయలేక అన్నీ కాపీ చేసుకుంటూ కూర్చుంటాయి. రెంటినీ ఒకేచోటికి తరలిస్తే సరి.

ఇంతా చేసి, బిల్డు సరుకంతా మళ్ళీ పుట్టించగలమన్న మాట పూర్తిగా నిజం కాదు. ఐఫోన్ యాప్ ఒకటి స్టోర్‌కి పంపామనుకోండి. దానితోపాటు పుట్టిన డీసిమ్ ఫైళ్ళు మన దగ్గరే ఉంటాయి. రేపు ఎవరి ఫోన్‌లోనో ఆ యాప్ కూలిపోతే, క్రాష్ రిపోర్టులోని అంకెల చిరునామాలను ఫంక్షన్ల పేర్లుగా మార్చేవి అవే. బైనరీలోని యూయూఐడీ, డీసిమ్‌లోని యూయూఐడీ కలవాలి. అదే కోడును మళ్ళీ బిల్డ్ చేసినా, మధ్యలో కంపైలర్ మారిందంటే అవి కలుస్తాయన్న భరోసా లేదు. అందుకే ఎక్స్‌కోడ్ విడుదల చేసిన బిల్డులను డిరైవ్డ్ డేటాలో కాకుండా పక్కన 'ఆర్కైవ్స్' అనే ఫోల్డర్‌లో దాస్తుంది. డిస్కు నిండిందని క్లీనప్‌కి కూర్చున్నవాళ్ళు పెద్ద ఫోల్డర్ కనబడింది కదా అని దాన్నీ లేపేస్తుంటారు. ఆండ్రాయిడ్ వాళ్ళలో సైనింగ్ కీస్టోర్‌ని బిల్డ్ ఫోల్డర్‌లోనే ఉంచుకునే ధైర్యవంతులూ ఉన్నారు. వాల్యూమ్ ఫార్మాట్ కొట్టేముందు ఈ రెండూ ఎక్కడున్నాయో ఒకసారి చూసి, వాటిని బ్యాకప్ ఉన్న వైపుకి మార్చండి. మిగతాది నిరభ్యంతరంగా తుడిచేయొచ్చు.