బొంబాయి రోడ్డు మీద బొగ్గు రోలరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండని కబురు వచ్చినప్పుడు, మేము కూడా అందరిలాగే నీళ్ళ పప్పు గురించో, ట్రంకు పెట్టె తాళం గురించో, ఆదివారం గుడ్డు గురించో రాద్దామనుకున్నాం. అవి ప్రతి సంచికలోనూ వస్తాయి, ఈసారి కూడా ఎవరో ఒకరు రాసే ఉంటారు. అందుకని మేము ఒక రోడ్డు రోలరు గురించి రాస్తున్నాం. ఇప్పుడు మీరు చూసే డీజిల్ రోలరు కాదు. బొగ్గు వేసి, నీళ్ళు మరిగించి, ఆవిరితో నడిపిన పాతకాలపు రోలరు. మా బ్యాచ్ వాళ్ళలో ఎవరికి ఫోను చేసి ఈ మాట ఎత్తినా "గుర్రం ఇంజనేనా?" అని వెంటనే అడుగుతారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పేరు మరిచిపోయినవాడు మాలో ఒక్కడు లేడు.

అది ఊరి చివర ఒక పాత యార్డులో, తుమ్మ చెట్ల మధ్య, చక్రాలు జానెడు లోతు మట్టిలో కూరుకుపోయి నిలబడి ఉండేది. పొడుగాటి పొగగొట్టం. ముందు పెద్ద ఇనుప డ్రమ్ము, దగ్గరికి పోయి చూస్తే పక్కపక్కనే రెండు. వెనక మా తలలు దాటే ఎత్తు చక్రాలు. పక్కన గిరక లాంటి పెద్ద ఫ్లైవీలు. పైన రేకుల కప్పు ఎప్పుడో పోయింది. ఇత్తడి సామాను ఒక్క ముక్క మిగల్లేదు, ఎవరి ఇంట్లో బిందె అయిందో! ఇంటి మీద బెంగ పుట్టిన చిన్న క్లాసు పిల్లలు దాని మీదికెక్కి కూర్చునేవారు. స్టీరింగు చక్రం తుప్పు పట్టి కదిలేది కాదు. అయినా దాన్ని పట్టుకుని పటాన్‌చెరు, లింగంపల్లి అన్నీ దాటి హైదరాబాదు దాకా పోయి వచ్చేవాళ్ళం.

ఆ యార్డుకు కావలిగా ఒక ముసలాయన ఉండేవాడు. మేమంతా ఆయన్ని రోలరు తాత అనేవాళ్ళం. వయసులో ఉండగా ఆయన అలాంటి రోలర్ల మీద మొదట అగ్గి మనిషిగా, తర్వాత డ్రైవరుగా పనిచేశాడు. మమ్మల్ని తరిమేవాడు కాదు. "ఎక్కుండ్రి గని, దుంకకుండ్రి" అనేవాడు. గుర్రం సంగతి చెప్పిందీ ఆయనే. పొగగొట్టం ముందు వైపు ఒక ఇత్తడి గుర్రం ఉండేదట, ముందు కాళ్ళు రెండూ పైకెత్తి. మేము చూసేనాటికి అక్కడ రెండు బోల్టు రంధ్రాలే ఉన్నాయి. చాలా ఏళ్ళకు, ఇంటర్నెట్ చేతికొచ్చాక, మాలో ఒకడు వెతికి పట్టుకున్నాడు. ఇంగ్లండులో కెంట్ అనే ప్రాంతం గుర్తు ఆ గుర్రం. దాని కింద "ఇన్విక్టా" అని రాసి ఉంటుంది. లాటిన్ మాట. ఓడనిది అని అర్థం. కెంట్‌లోని రోచెస్టర్ పట్నంలో థామస్ ఏవెలింగ్ అనే ఆయన 1860లలో ఆవిరి రోలర్లు చేయడం మొదలుపెట్టాడు. ఆయన మొదట వ్యవసాయదారుడు. ఏవెలింగ్ అండ్ పోర్టర్ కంపెనీ రోలర్లు ప్రపంచమంతా తిరిగాయి. సంగారెడ్డి తుమ్మ చెట్ల కిందికీ వచ్చాయి.

ఇందులో మన దేశం వంతు కూడా ఉంది. ఏవెలింగ్ కంటే కొంచెం ముందే, 1863 ప్రాంతంలో, కలకత్తా మునిసిపాలిటీ ఇంజనీరు విలియం క్లార్క్, బర్మింగ్‌హామ్‌లోని బాథో అనే ఆయనతో కలిసి కలకత్తా వీధుల కోసం ఆవిరి రోలరు ఒకటి తయారు చేయించాడు. ఇంకో విశేషం. ఇప్పుడు మన బొంబాయి రోడ్డు మీద టాటా లారీలు లెక్కలేనన్ని పోతుంటాయి కదా. ఆ కంపెనీ 1945లో జంషెడ్‌పూర్‌లో టెల్కో పేరుతో పుట్టింది. 1948లో ఇంగ్లండులోని మార్షల్ సన్స్ కంపెనీ సహకారంతో ఆవిరి రోడ్డు రోలర్లు చేసింది. లారీ 1954లో వచ్చింది. అంటే వాళ్ళు లారీ కంటే ముందు లారీకి దారి చదును చేసే బండిని చేశారన్న మాట.

ఇక అది నడిచే తీరు తాత చెప్పినట్టే చెప్తాం. తెల్లవారుజామునే అగ్గి పెట్టాలి. "అగ్గి వెట్టినంక రెండు గంటలు గావాలె బిడ్డా, అప్పటిదాంక అది పండుకున్న బర్రె. తంతె లేస్తదా?" ముందు కట్టెలు, తర్వాత బొగ్గు. బొగ్గు పల్చగా పరవాలి, కుప్ప పోస్తే నల్లటి పొగ తప్ప ఆవిరి రాదు. బాయిలర్ పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో అందులో కనిపిస్తుంది. డ్రైవరు రోడ్డును చూసినన్ని సార్లు ఆ గాజును చూడాలి. పొయ్యి నెత్తి మీద సీసం పోసిన ఒక బిరడా ఉంటుంది. నీళ్ళు తగ్గి పొయ్యి నెత్తి బయటపడితే వేడికి సీసం కరిగిపోతుంది. అప్పుడు ఆ రంధ్రంలోంచి ఆవిరి, నీళ్ళు పొయ్యిలోకి దూకి అగ్గిని ఆర్పుతాయి. బాయిలర్ పేలకుండా కాపాడే ఉపాయం అది. "సీసం కరిగిందంటే పానం దక్కుతది, నౌకరి పోతది" అని నవ్వేవాడు తాత. ఆయన సర్వీసులో ఒక్కసారీ కరగలేదట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

బండి బరువు ఎనిమిది నుంచి పన్నెండు టన్నులు. వేగం మనిషి నడకంత. స్టీరింగు చక్రం ఎన్నో చుట్లు తిప్పితే గొలుసులు లాగి ముందు డ్రమ్ము కొంచెం ఒరిగేది. కాబట్టి మలుపు రాకముందే మలుపు గురించి ఆలోచించాలి. రోడ్డు అంచుల నుంచి మొదలుపెట్టి నడుముకు రావాలి. ముందు నడుము తొక్కితే కంకర పక్కలకు జారిపోతుంది.

ఇక్కడ మేము కంకర దగ్గర ఆగాలి. ఎందుకంటే రోలరు ఒక్కటే రోడ్డు వేయలేదు.

ఆ రోజుల్లో రోడ్డంటే కంకర రోడ్డు. పెద్ద రాయిని పిడికిలంత, దానికన్నా చిన్నగా కొట్టి, పరిచి, రోలరుతో తొక్కించి, సందుల్లో మొరం పోసి, నీళ్ళు చల్లి, మళ్ళీ తొక్కిస్తారు. డాంబరు ఆ తర్వాతి మాట. ఆ రాయి కొట్టింది మా అవ్వలు, మా అమ్మలు. ఈ హాస్టల్లో మా బ్యాచ్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో సగం ఇళ్ళకు కంకర సుత్తె ఉండేది. సైకిల్ టైరు ముక్కను చుట్టలా పెట్టి, అందులో రాయి ఉంచి కొట్టేవారు. కళ్ళకు అద్దాలు లేవు, కొంగే అడ్డం. కూలి బ్రాసు లెక్కన. బ్రాసు అంటే వంద ఘనపుటడుగులు. ఒక మనిషి ఒక బ్రాసు కంకర కొట్టాలంటే ఎన్ని పొద్దులు కూర్చోవాలో, కొట్టినవాళ్ళకే తెలుసు. 1972 కరువులో పొలం పనులు లేక ఊరికి ఊరే రోడ్డు పక్కన సుత్తెలు పట్టుకుని కూర్చున్న సంగతి మాలో ఒకడి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆమె రోలరుకు నీళ్ళు కూడా మోసింది. చెరువు నుంచి కుండల్లో. "అది తాగినన్ని నీళ్ళు మా ఊరు తాగలే" అంటుంది. కానీ ఆమెకు రోలరు మీద కోపం లేదు. అది వచ్చే చప్పుడు వినబడితే పిల్లల్ని చంకనేసుకుని చూడటానికి పోయేదట. తను కొట్టిన కంకర దాని కింద నలిగి చాపలాగా పరుచుకుంటే చూడబుద్ధి అయ్యేదట.

మా ఇష్టం కూడా అలాంటిదే. ఇంగ్లండులో ఈ పాత రోలర్లంటే పడిచచ్చే మనుషులున్నారు. 1974 నుంచి వాళ్ళకు రోడ్డు రోలర్ల సంఘమే ఒకటి ఉంది. ఎండాకాలం వస్తే రోలర్లకు రంగులు వేసి, ఇత్తడి తోమి, జాతర చేస్తారు. వాళ్ళలో ఫ్రెడ్ డిబ్నా అనే ఆయన మాకు బాగా నచ్చాడు. బోల్టన్ ఊళ్ళో ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఎక్కి మరమ్మతు చేసే కూలి మనిషి. తుక్కు లాంటి ఏవెలింగ్ రోలరు కొని, పెరట్లో పెట్టుకుని, ఏళ్ళ తరబడి తన చేతులతో బాగుచేసుకున్నాడు. తర్వాత టీవీలో పేరు తెచ్చుకున్నాడు. 2004లో చనిపోయాడు. ఆయన వీడియోలు చూస్తుంటే మాకు రోలరు తాతే గుర్తొస్తాడు. మాటతీరు కూడా అంతే, సగం నవ్వు, సగం తిట్టు.

మన దగ్గర కూడా పాత బండ్లను దాచుకునే బుద్ధి లేదని అనలేం. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులు, 166 మంది కార్మికులతో మన ప్రాంతంలో బస్సులు మొదలుపెట్టారు. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ వాళ్ళు "డెక్కన్ క్వీన్" పేరుతో భద్రంగా ఉంచుకున్నారు. మంచిదే. మరి ఆ బస్సు గోతుల్లో పడకుండా దారి తొక్కిన రోలరు ఏది? పాట్నాలో పాత కలెక్టరేట్ ఆవరణలో లీడ్స్‌కు చెందిన జాన్ ఫౌలర్ కంపెనీ ఆవిరి రోలరు ఒకటి దశాబ్దాల పాటు చెత్తలో పడి ఉంది. 2022లో ఆ కలెక్టరేట్ కూల్చేటప్పుడు జనం గొడవ పెట్టారు, పత్రికలు రాశాయి. దాన్ని బయటికి తీసి బీహార్ మ్యూజియానికి తరలించారు. ఆ వార్త మా వాట్సాప్ గ్రూపులో పడిన రోజు ఎంతమంది ఎన్ని దండాల బొమ్మలు పెట్టారో లెక్క లేదు.

మన గుర్రం ఇంజన్‌కు ఆ అదృష్టం లేదు. మేము హాస్టల్ వదిలాక కొన్నేళ్ళకు యార్డు ఖాళీ చేశారు. టన్నుల లెక్కన తుక్కు కింద పోయిందని విన్నాం. గ్యాసు కట్టర్లతో కోయడానికి నాలుగు రోజులు పట్టిందట. ఏదో ఫర్నేసులో కరిగి, సలాకలై, ఇప్పుడు ఇస్నాపూర్‌లోనో బీరంగూడలోనో ఏ అపార్టుమెంటు పిల్లరులోనో ఉండి ఉంటుంది. అమ్మినవాళ్ళ పుస్తకంలో అది ఇన్ని టన్నుల ఇనుము, అంతే. అప్పటికి తాత కూడా లేడు.

కానీ తాత చెప్పిన పాఠం ఊరికే పోలేదు. మాలో నలుగురు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు కంపెనీల్లో పనికి చేరారు. ఒకడు బాయిలర్ దగ్గర హెల్పరుగా మొదలై, సెకండ్ క్లాస్ బాయిలర్ అటెండెంట్ పరీక్షకు కూర్చున్నాడు. నోటి పరీక్షలో "ఫ్యూజిబుల్ ప్లగ్ ఎందుకు పెడతారు?" అని అడిగారు. ఇంగ్లీషు మాట వినగానే మొదట తెల్లబోయాడు. తర్వాత, అది రోలరు తాత సీసం బిరడాయే కదా అని తట్టింది. ఇక ఆపితే ఒట్టు! అడిగిన సారు "ఇంత వివరంగా ఎక్కడ చదివావు?" అంటే "తుమ్మ చెట్ల కింద సార్" అన్నాడట. పరీక్ష పాసయ్యాడు. ఇప్పుడు అతని కింద ముగ్గురు పనిచేస్తున్నారు. షిఫ్టు ఎక్కగానే గాజు చూడటం వాళ్ళకు అతను నేర్పే మొదటి పని.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్ళు. అది బాయిలర్ సంగతి కాదు, దాని కారణాలు వేరు. కానీ ఆ సాయంత్రం మా వాడు ఫోనులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అన్నాడు. "తాత ఉన్న రోజుల్ల, నీళ్ళు తక్కువైతె ఇంజనే పని బంద్ చేసేది రా."

ఇప్పుడు అదే బొంబాయి రోడ్డు, తొమ్మిదో నంబరు పోయి అరవై ఐదో నంబరు జాతీయ రహదారి అయింది. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర రోడ్డు పని జరుగుతుంటే ఆగి చూశాం. ఏసీ క్యాబిన్‌లో కూర్చున్న పిల్లవాడు వేలితో మీట నొక్కితే రోలరు అదురుతూ పోతోంది. కంకర క్రషర్ నుంచి టిప్పర్లో వస్తోంది. మన అమ్మలకు ఆ చాకిరీ తప్పింది, సంతోషం. ఆ పాత రోజులు తిరిగి రావాలని మాలో ఎవరమూ కోరుకోం. ఎవరైనా రోలరును మ్యూజియంలో పెట్టి, దాని పక్కన కంకర సుత్తె పెట్టకపోతే మాత్రం మాకు సగం బండినే చూపించినట్టు ఉంటుంది.

అందుకని ఈ వార్షికోత్సవానికి రెండు వస్తువులు తెస్తున్నాం. ఒకటి, బాయిలర్ నీళ్ళు చూసే గాజు గొట్టం. తాత స్పేరుగా దాచుకున్నది, బట్టలో చుట్టి పెట్టెలో ఉంటే ఆయన మనవడు మాకిచ్చాడు. రెండోది, మాలో ఒకడి అమ్మ వాడిన కంకర సుత్తె. పిడి మాత్రం కొత్తది, పాతది చెదలు తిన్నది. వార్డెన్ సారుతో మాట్లాడాం, లైబ్రరీ బీరువాలో చోటిస్తామన్నారు. తమ్ముళ్ళూ, రెండూ ఒకే అరలో పెట్టండి. సుత్తెను చేతపట్టి చూడండి, బరువు తెలుస్తుంది. గాజుది మాత్రం ముట్టకండి, ఇంకోటి దొరకదు.

ఇట్లు,
మీ అన్నలు, 1993–94 పదో తరగతి బ్యాచ్