బాపట్ల దారిలో మట్టి చూస్తూ

మే మొదట్లో ఒకరోజు, పొద్దు పొడవగానే గుంటూరు నుంచి బాపట్ల దారి పట్టాం. రిటైరయ్యాక అరెకరం కొనుక్కుని, ఇల్లు కట్టుకుని, పెరటితోట వేసుకోవాలని మా అన్నయ్య కోరిక. బ్రోకరు చెప్పిన రేట్లన్నీ స్థలం రోడ్డుకెంత దూరమన్నదాన్ని బట్టే ఉన్నాయి. నేను మాత్రం మట్టి కోసమే బయల్దేరాను. సముద్రం దాకా సుమారు అరవై కిలోమీటర్లలోనే నల్లరేగడి, ఎర్రనేల, చౌడు, ఇసుక అన్నీ తగిలే దారి ఇది.

ఊరు దాటగానే నల్లరేగడి. పైరు తీసేసిన చేను నెర్రెలిచ్చి ఉంది. అన్నయ్య చేతికర్ర ఒక నెర్రెలోకి దింపితే సగానికి పైగా దిగిపోయింది. గట్టు మీద పాత గొడ్లసావిడి గోడ కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగిలింది. పక్క చేను రైతు మమ్మల్ని చూసి వచ్చాడు.

"ఇల్లు కట్టడానికా బాబూ? ఈ మట్టి వానకి ఉబ్బుద్ది, ఎండకి ముడుచుకుద్ది. పైపైన పునాది వేస్తే గోడ నిలవదు."

"మరి మీ ఇల్లు బాగానే ఉంది కదా బాబాయ్?"

"లోతుగా తీసి, నల్లమట్టి ఎత్తిపోసి, గ్రావెల్ నింపి కట్టాం."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నీరు తగిలితే ఉబ్బే బంకమన్ను ఈ నేలలో ఎక్కువ. ఇలాంటి చోట్ల ఇళ్ళ కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైళ్ళను అభివృద్ధి చేసింది. స్తంభం మందానికి దాదాపు రెండున్నర రెట్ల వెడల్పుతో అడుగున ఉండే బుడిపె, తేమ పెద్దగా మారని లోతులో పాతుకుని ఇంటిని పట్టి ఉంచుతుంది. పత్తికీ శనగకీ ఈ నేల బంగారమే. బొప్పాయికి మాత్రం కాదు, నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

చేబ్రోలు దగ్గరికొచ్చేసరికి నేల రంగు మారింది. ఎర్ర గ్రావెల్ నింపుకున్న లారీలు ఎదురొచ్చాయి. నల్లరేగడి ఇళ్ళ పునాదుల్లోకి వెళ్ళేది ఇలాంటి మట్టే. ఇల్లు కుదురుగా నిలిచే నేల ఇది. తోటకైతే పశువుల ఎరువు, చెరువుమట్టి ఏటా తోలాలి. నీటినీ సారాన్నీ ఎక్కువసేపు పట్టుకోదు.

పొన్నూరు దాటాక పల్లపు స్థలం ఒకటి చూపించారు. అన్నిట్లోకీ చవక. సర్కారు తుమ్మ తప్ప మరో చెట్టు లేదు. నేల మీద తెల్లటి పొర. పక్క ప్రహరీ అడుగు వరసల్లో ఇటుకలు ఉప్పు తిని పొట్టు రాలుతున్నాయి. ఇది చౌడు. పాలచౌడైతే మంచినీరు కట్టి, మురుగుకాలవ తీసి ఉప్పును కడిగేయొచ్చు. కారుచౌడైతే ముందు జిప్సం వేయాలి. ఏదన్నది చూపుతో తేల్చకూడదు, పరీక్ష చేయించాలి. ఉదజని సూచిక 8.5 దాటితే కారుచౌడని అనుమానించాలి. లవణాల కొలత (విద్యుత్ వాహకత) మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే చాలా పైర్లు తట్టుకోలేవు.

1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్ల దాటి సూర్యలంక వైపు వెళ్ళాం. సరుగుడు తోటల మధ్య ఇసుకలో ఒక దొరువు కనిపించింది. గరాటాలా ఏటవాలుగా తవ్విన గుంట, అడుగున మోకాలి లోతు తేటనీరు. దోసిట్లో తీసుకుని తాగితే తియ్యగా ఉంది. వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరగా నిలుస్తుంది. బోరు లోతుగా దింపి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకొస్తుంది. అందుకే బాపట్ల శాస్త్రవేత్తలు పాత దొరువునే మెరుగుపరిచారు. చిల్లుల గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరిచి, ఆ పైపొర నీటిని బావిలోకి చేర్చి, కొద్దికొద్దిగా తోడే పద్ధతి అది. ఇక్కడ స్థలం కొనేవాళ్ళు బోరు గురించి అడిగేముందు దొరువు గురించి అడగాలి.

తిరుగు ప్రయాణంలో చేయాల్సినవి రాసుకున్నాం. స్థలంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు తవ్వి, ఆ మట్టి కలిపి, అరకిలో పరీక్షకు పంపాలి. పండ్ల చెట్లకైతే ఇంకా లోతు నుంచి పొరల వారీగా తీయాలి. ఇంటికి విడిగా ఇంజనీరు చేత నేల పరీక్ష చేయించాలి. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్)లో నేల వర్గం, తరం ఏమని రాశారో చూడాలి. చుట్టుపక్కల గోడల అడుగులు, బావుల నీళ్ళు గమనించాలి.

అన్నయ్య ఎవరికీ బయానా ఇవ్వలేదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించనిదే ఎవరమూ సంతకం పెట్టం. మట్టి విషయంలోనూ అంత పట్టింపు ఉండాలి. రోడ్డు రేపు పడొచ్చు, కరెంటు ఎల్లుండి రావచ్చు. కాళ్ళ కింది నేల మాత్రం కొన్ననాడు ఎలా ఉందో దాదాపు అలాగే మన పిల్లలకి దక్కుతుంది. అందుకే తొలకరి పడ్డాక మళ్ళీ వచ్చి, ఎక్కడ నీరు ఎంతసేపు నిలుస్తుందో కళ్ళారా చూశాకే బేరం మాట్లాడాలని నిర్ణయించుకున్నాం.