కోఠి అనే ఇంట్లో ఒక పూట

మా అమ్మది నైజాం. నాన్నది సీడెడ్.

సినిమా రిలీజైన మర్నాడు కలెక్షన్ల పోస్టర్లు చూసేవాళ్లకి ఈ రెండు మాటలూ కొత్త కాదు. నైజాంలో ఇంత వచ్చింది, సీడెడ్‌లో ఇంత వచ్చింది అని లెక్కలేసుకుంటాం, ఫ్యాన్స్ గ్రూపుల్లో కొట్టుకుంటాం. నైజాం అంటే నిజాం ఏలిన ప్రాంతం, సరే. మరి సీడెడ్ అంటే? అనంతపురంలో పుట్టి పెరిగిన నేనే చాలా ఏళ్లు అది సినిమావాళ్లు పెట్టుకున్న పేరు అనుకున్నా. ఆ మాట పుట్టడానికి కారణమైన మనిషి కట్టించిన ఇల్లు హైదరాబాద్ నడిబొడ్డున ఉందనీ, మా అమ్మ మూడేళ్లు అక్కడే డిగ్రీ చదివిందనీ మొన్నీమధ్యే తెలిసింది.

ఆ ఇల్లు కోఠిలో ఉంది. అసలు ఆ ఇంటి వల్లే అది కోఠి అయింది. ఉర్దూలో కోఠీ అంటే పెద్ద బంగళా. బ్రిటిష్ రెసిడెన్సీని జనం అలా పిలిచారు, ఆ పేరే చుట్టుపక్కల వీధులన్నిటికీ పాకింది. రోజూ ఎన్ని వేల మంది ‘కోఠి ఒకటివ్వండి’ అని బస్సులో టికెట్ తీసుకుంటారో! వాళ్లంతా తెలియకుండానే ఒక ఇంటి పేరు చెబుతున్నారు.

అమ్మ వారం రోజులుండి పోదామని మాదాపూర్‌లో నా రూముకి వచ్చింది. ఆదివారం మాల్‌కి తీసుకెళ్తానంటే వద్దంది. ‘మా కాలేజీ బాగు చేసిన్రంట, సూద్దాం పా బిడ్డా’ అంది. హైదరాబాద్‌లో దిగిందంటే చాలు, అమ్మ భాష ముప్పై ఏళ్లు వెనక్కి పోతుంది. అనంతపురంలో మాట్లాడే అమ్మ వేరు. కాలేజీ కదా, సెలవు రోజు ఎందుకని ఆఫీసుకు ఒక రోజు లీవు పెట్టి బయల్దేరాం.

సింహాలు, మెట్లు, టిఫిన్ డబ్బాలు

మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి నడిచాం. పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు, హారన్ల మోత, చెరుకు రసం బండ్లు. గేటు దాటి లోపలికెళ్తే ఆ చప్పుడంతా ఎవరో వాల్యూమ్ తగ్గించినట్టు తగ్గిపోయింది. చెట్ల మధ్య నుంచి తెల్లటి భవనం కనిపించింది. ముందు ఆరు పెద్ద స్తంభాలు, వాటి మీద త్రికోణంగా కప్పు, కింద విశాలమైన మెట్లు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. ఫొటో తీసి ఫ్రెండ్‌కి పంపితే ‘అమెరికా ఎప్పుడెళ్లావే?’ అని రిప్లై వచ్చింది. నిజమే, చూడగానే వైట్ హౌస్ గుర్తొస్తుంది. రెండూ దగ్గర దగ్గర కాలంలో కట్టినవే.

అమ్మ సింహం దగ్గర ఆగి దాని కాలి మీద చెయ్యి వేసింది. ‘గీ మెట్ల మీదనే కూసొని టిఫిన్ డబ్బాలు ఇప్పేటోళ్లం. గీ సింహం పక్కన జాగ నాది, గా సింహం పక్కన సీనియర్లది.’

ఈ మెట్లు అమ్మాయిల టిఫిన్ డబ్బాల కోసం కట్టినవి కావు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంట్ అనేవారు. పేరుకు రాయబారి, పనికి పెత్తందారు. 1798 నుంచి ఆ పదవిలో ఉన్న జేమ్స్ ఎకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో ఈ ఇల్లు మొదలుపెట్టాడు. మద్రాసు ఇంజినీర్లకు చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్ ప్లాను గీశాడు. ఖర్చు మాత్రం నిజాందే.

స్థలం గురించి ఒక కథ చెప్పుకుంటారు. కిర్క్‌పాట్రిక్ మొదట పెద్ద కాగితం మీద మ్యాపు గీయించి తీసుకెళ్తే, అంత నేల ఇవ్వనని నిజాం ఖరాకండిగా చెప్పాడట. ఆ తర్వాత అదే స్థలాన్ని అరచేతిలో పట్టే చిన్న కార్డు మీద గీసి తీసుకెళ్తే, ఇంతేనా అని ఒప్పుకున్నాడట. మనం ఫోన్‌లో మ్యాప్‌ని జూమ్ అవుట్ చేసినట్టు! నిజమో కాదో గానీ, కంపెనీ వాళ్లు నేల ఎలా సంపాదించారో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు.

అద్దాల్లో బొట్టు

లోపల దర్బార్ హాలు రెండంతస్తుల ఎత్తు. పైకప్పు నిండా రంగుల పూల పని, పెద్ద పెద్ద షాండ్లియర్లు, నిలువెత్తు అద్దాలు. అడుగు తీసి అడుగు వేస్తే చెక్క నేల చప్పుడు చేస్తోంది. ఒకప్పుడు ఇదంతా పాడుబడింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. ఏళ్ల తరబడి మరమ్మతులు చేశాక 2023లో సందర్శకుల కోసం తెరిచారు.

‘గీ అద్దాలల్ల బొట్టు సక్కగున్నదా లేదా అని సూసుకునేటోళ్లం. గా షాండ్లియర్ యాడ మీద పడ్తదో అని ఒకటే బుగులు’ అని అమ్మ నవ్వింది. ఆ అద్దాల్లో ఇంతకుముందు ఎవరెవరు ముఖం చూసుకున్నారో నాకు ఆ క్షణంలో తట్టలేదు.

మీరు ఈ ఇంటి గురించి ఎక్కడ వెతికినా మొదట వచ్చేది ప్రేమకథే. కిర్క్‌పాట్రిక్‌కి హైదరాబాదీ దుస్తులు, భాష, మర్యాదలు బాగా వంటబట్టాయి. ప్రధానిగా చేసిన మీర్ ఆలం బంధువుల అమ్మాయి ఖైరున్నిసాను ప్రేమించాడు. మనం జూపార్క్ దగ్గర చూసే చెరువుది ఆ మీర్ ఆలం పేరే. ఆమె కోసం ముస్లిం అయి పెళ్లి చేసుకున్నాడు. ఈ సంగతి కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దాకా వెళ్లి విచారణ జరిగింది, ఉద్యోగం ఊడేంత పనయింది. 2002లో విలియం డాల్‌రింపుల్ రాసిన ‘వైట్ మొఘల్స్’ పుస్తకంతో ఈ కథ ప్రపంచమంతా తెలిసింది.

ఖైరున్నిసా పరదాలో ఉండేది. ఆమె కోసం వెనకవైపు రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. ముందుకొచ్చి ఇల్లు చూసే వీల్లేదు కాబట్టి, అచ్చం ఇలాంటి బొమ్మ ఇల్లు చేయించి తోటలో పెట్టించాడని చెబుతారు. రంగ్ మహల్‌ని తర్వాతి రోజుల్లో వచ్చిన తెల్లవాళ్లు కూల్చేశారు. తెల్ల అధికారి ఇంట్లో హైదరాబాదీ భార్య ఉండటం వాళ్ల కాలానికి పరువు తక్కువ అయిపోయింది.

రీల్స్‌లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక గజల్ వేసి వదిలేస్తారు. అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుందని నాకనిపించింది.

అడగకుండా ఇచ్చేసినవి

వాళ్లకి ఇద్దరు పిల్లలు. అబ్బాయి సాహిబ్ ఆలం, అమ్మాయి సాహిబ్ బేగం. 1805లో ఆ ఇద్దరినీ ఇంగ్లండ్‌లో పెంచడానికి ఓడ ఎక్కించారు. అబ్బాయికి నాలుగేళ్లు, అమ్మాయికి మూడేళ్లు. ఎక్కేముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ల బొమ్మ వేశాడు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. అంత వైభవంగా మొదలుపెట్టిన ఇంట్లో తృప్తిగా ఉన్నదే లేదు. లండన్‌లో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి పేర్లు మార్చారు. సాహిబ్ ఆలం విలియం అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అయింది. ఖైరున్నిసా తన పిల్లల్ని మళ్లీ చూడలేదు. 1813లో చనిపోయింది. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

కేథరిన్‌ని అందరూ కిట్టీ అనేవారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమెకి హైదరాబాద్‌లో తన అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసింది. 1840ల్లో ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. మనవరాలిది ఇంగ్లీషు, అమ్మమ్మది పారశీకం. మధ్యలో ఎవరో ఒకరు తర్జుమా చేయాలి. ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు.

ఇదంతా నేను ఫోన్ చూసి చదువుతుంటే అమ్మ వింటూ నిలబడింది. ‘మూడేండ్ల పిల్లనా?’ అని మాత్రం అడిగింది.

ఇక సీడెడ్ సంగతి. 1800 అక్టోబరులో నిజాంకీ కంపెనీకీ ఒక ఒప్పందం జరిగింది. కంపెనీ తరఫున కుదిర్చింది ఈ కిర్క్‌పాట్రికే. నిజాం దగ్గర కంపెనీ సైన్యం ఉంటుంది, ఆ సైన్యం ఖర్చు కింద నిజాం కొన్ని జిల్లాలు శాశ్వతంగా ఇచ్చేస్తాడు. అవి మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకొచ్చిన నేలలు. ఇప్పటి బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. అలా ఇచ్చేసిన జిల్లాలు కాబట్టి ఇంగ్లీషులో సీడెడ్, తెలుగులో దత్త మండలాలు. దానికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడే థామస్ మన్రో. ఆ సైన్యం కోసం వెలసిన కంటోన్మెంటుకే 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. అంటే ప్యారడైజ్ దగ్గర నేను ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఆ కంటోన్మెంటు చరిత్రలో మా తాతల తాతలు కట్టిన శిస్తు కూడా ఉందన్నమాట.

ఆ జిల్లాల జనాన్ని ఎవరూ అడగలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించేదాకా నూటికి పైగా ఏళ్లు అదే పేరుతో బతికారు. ఇప్పటికీ సినిమా లెక్కల్లో ఆ పాత పేరే.

కిర్క్‌పాట్రిక్ మంచి ప్రేమికుడా, కంపెనీకి నమ్మకమైన నౌకరా? రెండూ అయి ఉండొచ్చు. ఒకే మనిషి భార్య కోసం బొమ్మ ఇల్లు చేయించాడు, లక్షల మంది ఊళ్లను ఒక సంతకానికి మార్చాడు, తల్లి నుంచి పిల్లల్ని పంపేశాడు. ప్రేమకథ ఒక్కటే విని బయటికొస్తే సగం ఇల్లే చూసినట్టు.

అమ్మ చెప్పిన మాట

వెనకవైపు నీడలో కూర్చున్నాం. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెట్లకేసి చూస్తూ అంది: ‘ఎమ్మెస్సీ సీటు వచ్చుండె నాకు. గప్పుడే మీ నాయిన సంబంధం వచ్చింది. మంచి సంబంధమని ఇచ్చిన్రు.’

నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

‘నిన్ను అడగలేదా?’ అన్నాను.

‘గప్పుడు ఎవలడుగుతరే? మీ నాయిన మంచోడు గనక నడిసింది. సీటు గురించి గాదు... అడిగుంటే మంచిగుండు.’

ఏం చెప్పాలో తోచలేదు. ఇంతలో నాన్న ఫోన్.

‘యాడుండారు మీరు?’

‘సీడెడ్ రాయించుకున్నోని ఇంట్ల ఉన్నం’ అంది అమ్మ.

‘ఆఁ? ఎవురూ, డిస్ట్రిబ్యూటరా?’

అమ్మ నవ్వు ఆపుకోలేక ఫోన్ నాకిచ్చేసింది. కళ్లు తుడుచుకుంటోంది. నవ్వుకో మరి దేనికో నేను అడగలేదు.

బయటికొస్తుంటే అమ్మాయిలు గుంపులు గుంపులుగా ఎదురొచ్చారు. బ్యాగులు, ఇయర్‌ఫోన్లు, రికార్డు పుస్తకాలు. 1924లో మొదలైన విమెన్స్ కాలేజీ 1949లో ఈ రెసిడెన్సీకి వచ్చింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, పేరు చాకలి ఐలమ్మది. పాలకుర్తిలో తన పొలం, తన పంట దొరల పాలు కానివ్వనని నిలబడిన ఐలమ్మ. సంతకాలతో నేలలు పుచ్చుకున్న కంపెనీ ఇంటి ఆవరణకి, నేల ఇవ్వనన్న మనిషి పేరు. అమ్మ ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో తీయమంది. సింహాల దగ్గర కూడా అడగలేదు.

మీరు వెళ్తే...

ఇది రోజూ క్లాసులు జరిగే ప్రాంగణం. సందర్శన వేళలు, టికెట్ వివరాలు ముందే కనుక్కుని వెళ్లండి. మెట్రోలో వస్తే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్ దగ్గర. బయటికొచ్చాక కోఠి బస్టాండ్ దగ్గరున్న తుర్రెబాజ్ ఖాన్ స్మారకం కూడా చూడండి. 1857 జులై 17న ఇదే రెసిడెన్సీ మీద మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి దాడికి దిగిన మనిషి ఆయన.

ఇంకో మాట. మీ ఇంట్లో అక్కడ చదివిన అమ్మో, పిన్నో, అత్తో ఉంటే వాళ్లను తీసుకెళ్లండి. గైడ్లకు తెలియని సంగతులు వాళ్ల దగ్గర ఉంటాయి. మనమే అడగాలి.